స్విచ్చికి ఆయుధపూజ

ఏలూరులోని కొల్లేటి నీటిమట్టాల నమోదు కార్యాలయంలో ఆయుధపూజను, సోమసుందరం గారి పదవీ విరమణను ఒకే రోజు, ఒకే వేదిక మీద, ఒకే కొబ్బరికాయతో జరపాలని నిర్ణయించినట్టు సంబంధితులందరికీ తెలియజేయడమైనది. పొదుపులో ఆ కార్యాలయం జిల్లాకే ఆదర్శం.

ఆ రోజు సోమసుందరం గారి మనసు మనసులో లేదు. బెంగ ఉద్యోగం గురించి కాదు, స్విచ్చి గురించి. స్విచ్చి అంటే లైటు వేసే మీట అనుకునేరు. ఆఫీసు కంప్యూటర్లనూ, కొల్లేటి లంకల్లోని కొలత యంత్రాలనూ కలిపే నల్లటి డబ్బా అది. ఏ తీగ ఎవరిదో, ఎవరి కబురు ఎవరికి చేరాలో పద్నాలుగేళ్ళుగా ఆయనే దానికి ఒక్కొక్కటీ నేర్పారు. అది బుద్ధిగా నేర్చుకుంది. కాని ఆ చదువంతా కరెంటు ఉన్నంతసేపే. ఆపి మళ్ళీ వేస్తే కొన్ననాటి అమాయకత్వం తప్ప ఏమీ మిగలదు. మిగలాలంటే 'సేవ్' అని ఒక్క ఆజ్ఞ ఇవ్వాలి. అర నిమిషం పని.

అందుకే అనుమతి దొరకలేదు. పైవారి ఆమోదం లేనిదే కార్యాలయంలో దేన్నీ శాశ్వతం చేయరాదని పాత సర్క్యులరు ఉంది. సర్క్యులరు దాటడం సోమసుందరం గారి ఇంటా వంటా లేదు.

ఆ ఉదయం మరొకసారి ఆఫీసరు గోపాలకృష్ణ గారి గదిలో నిలబడ్డారు.

"ఇవాళైనా సేవ్ చేసేస్తానండి. సాయంత్రం వెళ్ళిపోతున్నాను."

"శాశ్వతం చెయ్యడానికి మనమెవరం సోమసుందరం గారూ? పైకి రాశాం కదండీ. ఇన్వర్టరు ఉంది, మీరున్నారు."

"నేను సాయంత్రం దాకేనండి."

"చూశారా, ఇంకా బోలెడు టైముంది."

గది ఊడుస్తున్న హన్నమ్మ చీపురు ఆపింది. "పదకొండేళ్ళయి నన్నే పర్మినెంటు చెయ్యలేదండి. ఆ డబ్బాని చేసేత్తారేంటండీ?" అంది. నిబంధనలు ఒంటబట్టిన మనిషి.

మూడింటికి సభ. సోమసుందరం గారికి శాలువా కప్పి, దండ వేసి, నడిమి కుర్చీలో కూర్చోబెట్టారు. బల్ల మీద కీబోర్డులూ స్టాప్లర్లూ పసుపు కుంకాలతో కళకళలాడాయి. పూజ పూట ఆయుధం పని చెయ్యకూడదు కనుక అన్నిటినీ ఆపారు.

"సోమసుందరం గారు ఈ కార్యాలయానికి గుండెకాయ. వారి సేవలు మా మనసుల్లో శాశ్వతంగా నిలిచి..." అంటున్న గోపాలకృష్ణ గారికి వెనక గోడ మీద మిణుకుతున్న పచ్చదీపాలు కనిపించాయి. "అయ్యయ్యో, దీన్ని మరిచిపోయామే. పాపం, ఎన్నేళ్ళుగా విశ్రాంతి ఎరగదో" అని స్వయంగా ప్లగ్గు మీద చెయ్యి వేశారు.

సోమసుందరం గారు లేచారు. "అయ్యా, ఒక్క అర నిమిషం ఆగండి..."

"కూర్చోండి మాస్టారూ, ఇవాళ మీచేత పని చేయిస్తే మాకు పాపం" అంటూ ఇద్దరు భుజాలు పట్టి కూర్చోబెట్టారు. ప్లగ్గు ఊడింది. దీపాలు ఆరాయి. సభ చప్పట్లు కొట్టింది. ఎవరో స్విచ్చికి బొట్టు పెట్టారు.

అయిదున్నరకు ప్లగ్గు మళ్ళీ పెట్టారు. దీపాలు వెలిగాయి గాని స్విచ్చికి ఎవరూ గుర్తులేరు. "నేను చూస్తానండి" అని సోమసుందరం గారు దండతోనే వంగారు. అయిదు దాటింది కనుక బయటి వ్యక్తి ప్రభుత్వ పరికరాన్ని తాకరాదని సగౌరవంగా చెప్పి, ఆయనను ఆటో ఎక్కించారు. గోపాలకృష్ణ గారు కళ్ళు కూడా ఒత్తుకున్నారు.

వారమైనా లంకల నుంచి ఒక్క కొలతా రాలేదు. పాత అమరికలు తెలిసిన వ్యక్తి ఎవరో కనిపెట్టడానికి కమిటీ వేశారు. హన్నమ్మ ఫోను చేసి ఈ సంగతి చెప్పగానే, అన్నీ రాసి పెట్టుకున్న నోటుపుస్తకం చంకన పెట్టుకుని సోమసుందరం గారు ఆఫీసుకు వెళ్ళారు. గోపాలకృష్ణ గారు కమిటీ ఫైలు లోంచి తలెత్తి, ఆయనను ఎగాదిగా చూసి, "ఎవరు కావాలండీ?" అన్నారు.

సోమసుందరం గారికి కోపం రాలేదు. స్విచ్చి మరవడానికి అర నిమిషం పట్టింది, మనిషికి వారం పట్టింది, ఎంతైనా మనిషే నయం అనుకున్నారు.

నవ్వుకుంటున్న పాఠకులకు ఒక మనవి. నిరుడు మీ ఆఫీసులో దండ వేసి, "మిమ్మల్ని మరువలేం" అని సాగనంపిన మనిషి పేరు ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. వచ్చిందా? అయితే నవ్వండి.