పదికి రెండు, ఆఖరి మాట

హెబ్రోను ఆ సోమవారం పొద్దుటికి వేసుకున్న పథకం చాలా చిన్నది. దోసెలోకి రాత్రి మిగిలిన చేపల పులుసు వేసుకుని తినాలి, తొమ్మిదికి యూనివర్సిటీ చేరాలి, పదకొండుకు వచ్చే తనిఖీ కమిటీని మెప్పించి పదికి ఏడు మార్కులు తెచ్చుకోవాలి. ఏడొస్తే కాంట్రాక్టు లెక్చరరు ఉద్యోగం ఇంకో ఏడాది ఉంటుంది. ఆరొస్తే ఉండదు. ప్రభువు దయవల్ల లెక్క అంత తేలిక.

చూపించాల్సింది ఒక కొత్త పద్ధతి. చేపల పెంపకం కోర్సులో పిల్లలు రాసిన రిపోర్టు ఆన్‌లైన్‌లో పెడితే, అది పేరు కనపడకుండా ముగ్గురు తోటి విద్యార్థులకు వెళుతుంది. వాళ్లు లోపాలు రాసి పదికి మార్కులేస్తారు. రిపోర్టు రాసినవాడు కింద జవాబివ్వచ్చు, దిద్ది మళ్లీ పెట్టచ్చు. క్లాసులో సగంమంది వాకాడు వైపు రేవుల పిల్లలు. నెల్లూరు టౌనులో పుట్టి పెరిగిన హెబ్రోను, వాళ్లకు తెలిసిన మాటల్లో చెబుదామని శుక్రవారం నాడు తెగ ఉత్సాహపడ్డాడు. "రేవులో చేపను చూసినట్టు చూడండి. మొహమాటాల్లేవు!" అన్నాడు.

దోసె నోట్లో ఉండగా ఫోను తెరిచాడు. క్లాసు సగటు ఒకటిన్నర.

"లిల్లీ! కొంప మునిగింది!"

"ఏందండీ? ముల్లు గుచ్చుకుందా?" అని భార్య పరిగెత్తుకొచ్చింది.

"ఇది విను. 'ఈ రిపోర్టు మొన్నటి సరుకు. మొప్పలు తెల్లబడినాయి. రెండు, ఆఖరి మాట.'"

"రాసినోళ్లెవరో గానీ సరుకు తెలిసినోళ్లే," అంది లిల్లీ మెచ్చుకోలుగా.

క్లాసులో కక్షలు పుట్టాయనుకున్నాడు హెబ్రోను. బస్సులో నిలబడే అందరికీ సందేశం పెట్టాడు: 'తోటివారి పట్ల ఉదారంగా ఉండండి. ఇంకొంచెం పెంచండి.' బస్సు దిగేసరికి రెండు వందల జవాబులున్నాయి. 'సారే పెంచమన్నాడు, ఎనిమిదియ్యి!' 'సార్ మాట సారుది. నాది మూడు.'

గేటు దగ్గర పెంచల్ దొరికాడు. వాకాడు కుర్రాడు, క్లాసుకు లీడరు.

"ఏందిరా ఈ తగాదా? ఎవరికెవరికి పడట్లేదు?"

"తగాదా యాడుంది సార్? బేరం గదా. కొనేవోడు మొదటే బాగుందంటాడా? తక్కువ చెప్పాల, అమ్మేవోడు పెంచాల. మీరేగా రేవులో మాదిరి అన్నారు!"

"నేను చూడమన్నాను! బేరమాడమన్నానా?"

"బేరమాడకుండా చేపనెట్ట చూస్తారు సార్?" అన్నాడు పెంచల్ జాలిగా.

హెబ్రోనుకు ఒళ్లు మండింది. "మార్కులకు బేరమా? సిగ్గుండాలి! పదిన్నరకల్లా మార్కులెయ్యడం కట్టేస్తున్నానని చెప్పు అందరికీ!"

పెంచల్ చెప్పాడు. ఇంకేముంది, పదిన్నరకు బేరం మూసేస్తారంటే రేవు పిల్లలు ఊరుకుంటారా? ఉన్న సరుకంతా ఒక్కసారి వేలానికొచ్చినట్టు క్లాసులో అరవైమందీ ఎగబడ్డారు. గడువు దాటాక ఆపుదామంటే, ఆ తాకిడికి ఆపే బటనే తెరమీద గిరగిరా తిరుగుతూ కూర్చుంది. పదకొండుకు కమిటీ అధ్యక్షురాలు రోజారమణి గారు వచ్చి కూర్చునే వేళకు గోడమీద తెరనిండా బేరాలే.

"'అయిదుకిస్తావా లేదా? ఐసు కరిగిపోతాంది,'" అని ఆవిడ పైకి చదివారు. "ఐసేమిటండీ?"

"గడువని అర్థం మేడం," అన్నాడు హెబ్రోను. అయిపోయింది, ఉద్యోగం ఊడింది, అనుకున్నాడు.

ఆవిడ కళ్లజోడు సర్దుకుని ఇంకా కిందికి వెళ్లారు. "ఒక్కో రిపోర్టు అయిదుసార్లు దిద్దారే!"

నిజమే. రొయ్యల మేత లెక్క తప్పని ఒకడు మార్కు కోస్తే, రాసినవాడు లెక్క దిద్దుకొచ్చి ఇంకో మార్కు అడిగాడు. నీటి పరీక్ష ఏదంటే, చెరువుకెళ్లి పరీక్ష చేసుకొచ్చాడు.

"మిగతా కాలేజీల్లో అందరూ అందరికీ తొమ్మిదేసి, 'గుడ్' అని రాసి పడుకున్నారు," అన్నారావిడ. "ఇక్కడే ఎవరైనా ఎవరిదైనా చదివింది. బాగుందండీ!"

హెబ్రోనుకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఆవిడ ఫారం తీసి మార్కు వేశారు. అయిదు.

"మేడం! బాగుందన్నారు కదా!"

"పద్ధతి బాగుంది. క్రమశిక్షణ లేదు."

అప్పుడు హెబ్రోను నోటినుంచి ఏం వచ్చిందో అతనికే తెలియలేదు. "ఎనిమిదెయ్యండి మేడం."

"ఏమిటీ? ఆరు."

"క్రమశిక్షణ రేపటికల్లా దిద్దుకొస్తా. ఎనిమిది."

"ఆరున్నర. అంతకంటే పైసా పెరగదు."

"మీ మాటా వద్దు, నా మాటా వద్దు. ఏడు!"

రోజారమణి గారు అయిదు కొట్టేసి ఏడు వేసి, సంతకం గీకేసి లేచారు.

ఆనందం పట్టలేక హెబ్రోను లిల్లీకి ఫోను చేసి స్టాఫ్ రూములోనే కేకలు పెట్టాడు. తర్వాత లెక్చరరునన్న సంగతి గుర్తొచ్చి, గంభీరంగా క్లాసుకు నోటీసు పెట్టాడు: 'ఇకమీదట మార్కుల దగ్గర బేరాలాడినవారిపై కఠిన చర్యలు తీసుకోబడును.'

నిమిషంలో పెంచల్ జవాబొచ్చింది: 'కఠినం జాస్తి సార్. మామూలు చర్యలకు ఖాయం చేసుకుందాం.'