కవరు మీది కోడిపుంజు

ఆ సోమవారం ఉదయం అసాహెల్ ట్రాస్క్ పెద్ద పథకమేమీ వేసుకోలేదు. గడ్డం గీసుకోవాలి, వీధి దాటాలి, కెజియా లూమిస్ టోపీల దుకాణం తలుపు కింద నుంచి ఒక కవరు లోపలికి తోయాలి, ఎవరూ చూడకముందే తిరిగొచ్చి తన అచ్చు యంత్రం వెనక దాక్కోవాలి. నలభై దాటిన బ్రహ్మచారికి అంతకుమించిన సాహసం చేతకాదు. కవరులో ఉన్నది పెళ్లి మాట. భర్త పోయిన కెజియా సరేనంటే బతుకు పండినట్టే. కాదంటే రోజూ ఎదురు దుకాణంలో ఆమెను చూస్తూనే ముసలివాడైపోవాలి.

కవరు కూడా మామూలుది కాదు. అమెరికాలో దక్షిణాది రాష్ట్రాలు తిరగబడి యుద్ధం మొదలయ్యాక ఉత్తరాదిలోని కనెక్టికట్‌లో బొమ్మల కవర్లంటే జనం పడి చస్తున్నారు. శత్రువును ఎంత వెటకారం చేస్తే అంత గిరాకీ. వాటిలో ఉత్తరాలు పంపేవాళ్లకంటే ఆల్బంలో అతికించి మురిసిపోయేవాళ్లే ఎక్కువ. అసాహెల్ ఈసారి తిరుగుబాటుదారుల అధ్యక్షుణ్ణి ఈకలు పీకిన కోడిపుంజుగా చెక్కదిమ్మ మీద చెక్కి, కవరు మీద అచ్చేశాడు. అది పత్తి బేలెక్కి కూస్తోంది. వెనక ఉత్తరాది ఇల్లాలొకతె సలసల కాగే కుండ మూత తీసి నిలబడింది. కింద "కూసింది చాలు, దిగు!" అన్న మాట. గోరంత చోటులో ఆ పుంజు కంట్లో పొగరూ భయమూ రెండూ పలికించగల చెయ్యి ఆ ఊళ్లో మరొకటి లేదు. నోరు పెగలని మనిషి వేళ్లలో దేవుడు అంత పోకిరితనం ఎలా పెట్టాడో!

మధ్యాహ్నం కెజియా తనే అచ్చు దుకాణానికి వచ్చింది. అసాహెల్ చేతిలోని సిరా డబ్బా జారి కాలి మీద పడింది.

"ట్రాస్క్ గారూ, అందింది! ఎంత బాగుందో చెప్పలేను. పొద్దుట్నుంచి వచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నా."

"అందరికీనా?"

"చూపిస్తే ఏమైందండీ? చర్చి పెద్ద థ్రాల్ గారైతే పొట్ట పట్టుకుని నవ్వారు."

తన ఒంటరితనం గురించి అక్షరం అక్షరం ఏరుకుని రాసిన అసాహెల్ కింద పడ్డ సిరా డబ్బాను ఎత్తబోయి మళ్లీ జారవిడిచాడు. "మరి... మీకేమనిపించింది?"

"నాకింకోటి కావాలనిపించింది. మా చెల్లెలికీ ఒకటి పంపండి. అన్నట్టు, దర్జీ ముసలమ్మకి కూడా."

"దర్జీ ముసలమ్మకా! ఆవిడకి ఎనభై దాటాయండీ!"

"దాటితే? ఆవిడకి మాత్రం సరదా ఉండదా?" అని నవ్వుతూ వెళ్లిపోయింది.

సాయంత్రం ముసలమ్మే కర్ర పొడుచుకుంటూ వచ్చింది. "నాకూ ఒకటి ఇస్తావటగా నాయనా? త్వరగా కానియ్యి, ఈ వయసులో ఎక్కువ కాలం ఆగలేను." అసాహెల్ ఆవిణ్ణి మర్యాదగా సాగనంపి, తలుపు గడియ వేసుకుని, రెండు రోజులు బయటికి రాలేదు.

శనివారం చర్చి ఆవరణలో గాయపడ్డ సైనికుల కోసం సంత పెట్టారు. థ్రాల్ గారు కిటికీ దగ్గరికొచ్చి కేకేశారు. "ఏమయ్యోయ్, ఇక్కడ దాక్కున్నావా? నీది అక్కడ బల్ల మీద పెట్టాం. ఊరంతా వరసలో నిలబడి చూస్తోంది!"

అసాహెల్ సిరా మరకల ఏప్రనుతోనే పరుగెత్తాడు. జనాన్ని తోసుకుని వెళ్లి చూస్తే, బల్ల మీద తెరిచిన ఆల్బం, అందులో నాలుగంచులా జిగురు పెట్టి అతికించిన తన కవరు. ఎక్కడా చిరుగు లేదు.

"మీరు దీన్ని తెరవనే లేదా?" అన్నాడు కెజియాతో.

"ఇంత మంచి బొమ్మని ఎవరైనా చింపుకుంటారా? స్టాంపు కూడా లేకపోతే బహుమతిగా ఇచ్చారనుకున్నా."

"లోపల మందంగా ఉందిగా!"

"బొమ్మ నలక్కుండా అట్ట పెట్టారేమో అనుకున్నా. ఏం, ఉత్తరమా?"

జనం మెడలు చాచి దగ్గరికి జరిగారు. "అదెంత పని! ఇప్పుడే కోసి చదివేద్దాం," అంటూ థ్రాల్ గారు జేబులోంచి చాకు తీసి, సరిగ్గా పుంజు మెడ మీద ఆనించారు.

"వద్దు!" అని అసాహెల్ అరిచాడు. అదే మాట కెజియా కూడా అరిచి, బొమ్మ మీద అరచెయ్యి అడ్డం పెట్టింది. చాకు తగులుతుందేమోనన్న భయం కూడా లేదు ఆమెకు. తన పనిని అంత ప్రేమగా కాపాడే మనిషిని అసాహెల్ అంతవరకూ చూడలేదు. అతని గుండె నిండిపోయింది, దాంతో నోరు కూడా పెగిలింది.

"నన్ను పెళ్లి చేసుకుంటారా అని రాశాను," అన్నాడు ఊరంతా వింటుండగా. "చాలా పేజీలు రాశాను. కానీ సంగతి అంతే."

కెజియా ముఖం కందిపోయింది. "ఆ ముక్క సోమవారమే నోటితో అడిగుంటే నాకు బోలెడు జిగురు మిగిలేది కదండీ," అంది. కళ్లు మాత్రం తడిశాయి. "చేసుకుంటాను. కానీ ఆ కవరు జోలికి ఎవరూ రావద్దు."

అందరూ చప్పట్లు కొట్టారు. ముసలమ్మ కర్రతో నేల మీద దరువేసింది. భార్య పోయి చాలాకాలమైన థ్రాల్ గారు ఒక్కరే చాకు మడిచి జేబులో పెట్టుకుని, ఆల్బంలో వెనక్కి పేజీలు తిప్పుతూ గొంతు తగ్గించి అడిగారు:

"లూమిస్ గారూ, పోయిన నెల నేను పంపిన కవరు ఏ పేజీలో అతికించారు?"