బురుజు రాణికి క్లీన్ చిట్

ఆర్థిక సరళీకరణ వల్ల దేశానికి ఏం ఒరిగిందని గొణిగేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లను ఒక్కసారి చంద్రపూర్ తీసుకురండి. మూడు వందల ఏళ్లుగా పండితుల వల్ల కాని పనిని ఇక్కడ ఒక కలర్ టీవీ షోరూం చేసి చూపించింది. చచ్చిపోయిన రాణికి న్యాయం చేసింది!

పద్మాపూర్ బొగ్గుగనుల కాలనీకి ఆవల, ఏటి ఒడ్డున ఒక కూలిన బురుజు ఉంది. ఆ బురుజులో ఉండిన రాణి కథ కాలనీలో అందరికీ తెలుసు. రాజు వేటకు పోయి చచ్చాడు. దినాలన్నా కాకముందే ఆమె గద్దె ఎక్కింది. గద్దె నాది అన్నాడు మరిది. ఇవ్వనంది ఆమె. దాంతో రాజుకు పాలలో విషం పెట్టింది ఆమేనని తేలిపోయింది. ఎవరు తేల్చారంటారా? మరిదే. అంతకన్నా దగ్గరి సాక్షి ఎవరుంటారు! వేటకు పోయినవాడికి అడవిలో పాలెలా అందాయని అడిగినవాడు మాత్రం ఇంతవరకు లేడు.

అప్పటినుంచి నోరున్న ఆడదాన్ని ఆ చుట్టుపక్కల 'బురుజు రాణి' అని తిట్టడం ఆనవాయితీ.

ఇదేమీ తెలియని ప్రమోద్ అనే కుర్ర వ్యాపారి ఊళ్లోని తుకుం అనే పేటలో కొత్త షోరూం తెరిచి 'రాణి టీవీ సెంటర్' అని పెద్ద బోర్డు రాయించాడు. కాలనీ ఆడవాళ్లు వచ్చారు, అద్దంలోంచి టీవీలు చూశారు, పైన బోర్డు చూశారు, వెళ్లిపోయారు. మొగుణ్ణి మింగిన రాణి పేరు పెట్టిన దుకాణంలో సామాను కొంటే సంసారం నిలుస్తుందా? ప్రమోద్ రెండు రోజులు ఆలోచించాడు. బోర్డు మార్చడం కంటే చరిత్ర మార్చడమే చవక అని లెక్క తేలింది.

ఆ పని మీద అతను కనకరాజు దగ్గరికి వచ్చాడు.

కనకరాజు గనిలో హాజరీ బాబు, అంటే కూలీల హాజరు వేసే గుమాస్తా. కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డవాడు, కాలనీ తెలుగు సంఘానికి అధ్యక్షుడు. మనిషి న్యాయానికి పెట్టింది పేరు. ఒక కూలీకి లేటు వేసే ముందు గడియారం వైపు రెండుసార్లు చూస్తాడు. అంతటివాడు, మూడు వందల ఏళ్లుగా ఒక ఆడకూతురు అన్యాయంగా మాటలు పడుతోందని వినేసరికి కరిగిపోయాడు. దసరా పందిట్లో రాణి కేసు తిరిగి విచారిద్దామన్నాడు. జడ్జిగా ఎవరుండాలని ఎవరూ అడగలేదు. ఆయనా చెప్పలేదు. కుర్చీలో కూర్చున్నాడంతే. అదే పందిట్లో ప్రమోద్ పెట్టే లక్కీ డ్రాలో కలర్ టీవీ కూడా ఉందని ఆయనకు తర్వాతెప్పుడో తెలిసింది. నమ్మండి!

చిక్కల్లా రాణి వేషం దగ్గర వచ్చింది. బొట్టూ పుస్తే ఉన్న ఆడది మొగుడు పోయిన రాణి వేషం ఎలా వేస్తుంది? అపశకునం కాదూ? కాలనీ అంతా వెతికి సుభాషిణిని పట్టుకున్నారు. ఆమె భర్త రాజేష్ ఏడాది కింద గనిలో ప్రమాదం జరిగి పోయాడు. అతని ఉద్యోగానికి బదులు కంపెనీ వాళ్లు ఆమెకు గని స్టోర్‌లో పని ఇచ్చారు. చంకలో ఆడపిల్ల, ప్రణాలి. ఇక ఆమెకు కొత్తగా జరిగే అశుభం ఏముంటుంది? ఎంత ముందుచూపు!

మరిది వేషానికి ఆమె మరిది వెంకటినే తీసుకున్నారు. రిహార్సల్ ఖర్చు కలిసొచ్చింది.

దసరా నాటి సాయంత్రం పందిరి నిండిపోయింది. వెంకటి మైకు పట్టుకుని గద్దించాడు.

"నా అన్న పోయి నెల తిరగలే. గద్దె మీద ఏ మొగం పెట్టుకొని కూసున్నవ్?"

సుభాషిణి తనకు రాసిచ్చిన మాటలు మరిచిపోయింది. లేదా పక్కన పెట్టింది.

"నేను కూసోకపోతే నా బిడ్డకు బువ్వెవలు పెడ్తరు? గద్దె ఇస్తే నువ్వు పెడ్తనంటున్నవ్. పెట్టేటోనివైతే గద్దె లేకుండనే పెట్టు. ఎవలొద్దన్నరు?"

ఈలలు మోగాయి. ఆడవాళ్లు కొంగులతో కళ్లొత్తుకున్నారు. కనకరాజు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, లేచి నిలబడి తీర్పు చెప్పాడు.

"మొగడు పోయిన ఆడిది తన కాళ్ల మీద తను నిలవడితే అది తప్పెట్లయితది? రాణి నిర్దోషి!"

పందిట్లో తను పెట్టించిన రాణి బొమ్మకు ప్రమోద్ దండ వేశాడు. దీపావళి నాటికి షోరూంలో ఒక్క టీవీ మిగల్లేదు. చరిత్ర పుస్తకాలు ఇంత పని చేశాయా ఎప్పుడైనా?

దసరా వెళ్లాక అదే పందిట్లో, అవే కుర్చీల్లో, కాలనీ పంచాయితీ కూర్చుంది. మళ్లీ కనకరాజే పెద్ద. మళ్లీ వెంకటే ఫిర్యాది. ఈసారి మైకు లేదు, అంతే తేడా.

"అన్న నౌకరి నాకు రావాలె. వదినె నాకిస్తనని కంపెనీకి రాసియ్యాలె. ఆమెను, పోరిని నేనే సాదుత. ఆడామె మొగోళ్ల నడుమ పనికి పోతుంటే నలుగురు ఏమనుకుంటుర్రు?"

సుభాషిణి కనకరాజు వైపు తిరిగింది.

"కాకా, మొన్న గీ కుర్సీలనే కూసోని నువ్వేమన్నవ్?"

"అది నాటకం బిడ్డా. ఇది ఇజ్జత్ ముచ్చట."

పెద్దలందరూ తలలూపారు. ఎంత సూక్ష్మమైన తేడా! ఉద్యోగం మరిదికి రాసివ్వాలని, లేకుంటే కాలనీలో ఎవరూ ఆమెతో మాట్లాడరాదని, ఆమె చేతి మంచినీళ్లు కూడా ముట్టరాదని కనకరాజు తీర్పిచ్చాడు. ఇచ్చేముందు అలవాటు ప్రకారం గడియారం వైపు రెండుసార్లు చూశాడు.

"నేను రాసియ్య," అంది సుభాషిణి. పిల్లను ఎత్తుకుని వెళ్లిపోయింది. వెనక నుంచి ఎవరో "బురుజు రాణి!" అన్నారు. అది మెచ్చుకోలు కాదని గొంతులోనే తెలుస్తోంది.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్న కనకరాజును భార్య ఐలమ్మ అడిగింది.

"గా రాణి మంచిదంటివి. గీ పిల్ల ఏం పాపం జేసింది?"

"గా రాణి ముచ్చట వేరు."

"ఎట్ల వేరు?"

"ఆమె సచ్చింది గదనే!"

తొందరపడి నవ్వకండి. ఇందులో రాజనీతి ఉంది. చచ్చిన రాణి ఉద్యోగం అడగదు. మొన్నేమన్నావని నలుగురిలో నిలదీయదు. దండ వేస్తే మెడ వంచుతుంది, బోర్డు మీద పేరు రాస్తే కిక్కురుమనదు. ఇంత అణకువ బతికున్న ఏ ఆడదానిలో ఉంది చెప్పండి? కాబట్టి మంచి పేరు కావాలనుకునే స్త్రీలు ముందు చచ్చిపోవాలి. మిగతా సంగతి టీవీ షోరూంలు చూసుకుంటాయి.

ఐలమ్మకు రాజనీతి తెలియదు.

తెల్లారి కనకరాజు డ్యూటీకి బయల్దేరుతుంటే అన్నం డబ్బా తయారు కాలేదు. "నువ్వు నడువు, ఎనుక తోలిస్త," అంది.

గని గేటు దగ్గర హాజరీ కిటికీ ముందు ఎప్పట్లాగే మనుషులు బారులు తీరారు. సుభాషిణి ముందూ వెనకా మాత్రం జాగా ఖాళీ. తీర్పు చక్కగా అమలవుతోంది. కనకరాజు సంతోషించాడు. ఆమె కిటికీ దగ్గరికి వచ్చేసరికి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆమె చేతిలోని స్టీలు డబ్బా కిటికీ గట్టు మీద పెట్టింది. మూత మీద చెక్కిన అక్షరాలు ఆయన కంటబడ్డాయి. 'ఎస్. కనకరాజు'.

"చిన్నమ్మ పంపింది కాకా. రేపటి సంది రోజు నాతోనే పంపుతదట. నా చేతిది వద్దంటే నువ్వు ఇంటికి వచ్చే పనే లేదన్నది."

బారులో ఉన్నవాళ్లంతా మెడలు చాచారు. తమాషా చూడవచ్చిన వెంకటి కూడా చాచాడు. డబ్బాలోంచి వంకాయ కూర వాసన వస్తోంది.

కనకరాజు గడియారం వైపు ఈసారి చూడలేదు. డబ్బా లోపలికి తీసుకున్నాడు.

"సుభాషిణి... హాజర్," అన్నాడు, అందరికీ వినబడేలా.