నల్ల షీటు మీద ఎర్ర బొట్లు

"అది పేలదు కదే?" అంది జ్ఞానప్రసూన, కాఫీ గ్లాసుతో వంటింటి గుమ్మంలోనే ఆగిపోయి.

డైనింగ్ టేబుల్ మీద మూత తీసిన ప్లాస్టిక్ డబ్బా ఉంది. అందులో ఒక రాగి పలక, దాని మీద అరచేతంత నల్లటి షీటు.

"పేలడానికి అందులో ఏముందమ్మా? కార్బన్. మన మసి లాంటిదే, కాకపోతే కంటికి కనపడనంత సన్న గొట్టాలు," అంది కూతురు సంహిత. "కరెంట్ పెడితే దాన్నుంచి ఎలక్ట్రాన్లు బయటికి రావాలి. మేం చేసే చిన్న ఎక్స్‌రే మెషీన్‌కి అవే కావాలి. సరిగ్గా రావట్లేదు, అదే గొడవ."

"రాకపోతే?"

"ఇవాళ టెస్ట్‌లో కూడా రాకపోతే ప్రాజెక్ట్ క్లోజ్ చేసేస్తారు."

మిగతాది జ్ఞానప్రసూన తనే పూర్తి చేసుకుంది. ప్రాజెక్టు పోతే ఉద్యోగం, ఉద్యోగం పోతే వీసా, వీసా పోతే అమెరికాలో, ఈ ట్రాయ్ ఊళ్ళోని అపార్ట్‌మెంటు తలుపు తట్టే పోలీసులు.

స్నానం చేసి, ఇడ్లీ తిని, డబ్బా కారులో పెట్టుకుని ల్యాబ్‌కి వెళ్ళడం సంహిత ప్లాను. ఆమె బాత్‌రూములోకి వెళ్ళగానే జ్ఞానప్రసూనకి దిష్టి సంగతి తట్టింది. ఇంతమంది కళ్ళు పడే వస్తువును ఉత్తినే ఎలా పంపడం? కాటుక చుక్క పెడదామంటే నలుపు మీద నలుపు ఆనదు. తన నుదుటి మీది స్టిక్కర్ బొట్టు తీసి షీటు మధ్యలో అంటించి దణ్ణం పెట్టింది. పెట్టాక భయమేసింది. పీకేసింది. బొట్టుతోపాటు కాస్త నలుపు ఊడొచ్చింది. నిగనిగలాడే షీటు మధ్యలో బొట్టంత మేర మాసిపోయినట్టు కనిపించింది.

మచ్చ ఒక్కచోటే ఉంటే పిల్ల పట్టేస్తుంది. అంతటా ఉంటే మచ్చ అనుకోదు. ఇలా ఆలోచించి బొట్ల ప్యాకెట్టు తెచ్చి, వరసగా అంటించడం, పీకడం మొదలుపెట్టింది. ప్యాకెట్టు అయిపోయింది, ఒక మూల మిగిలిపోయింది. పెళ్ళిళ్ళకని దాచుకున్న పాము బొట్టు ఒకటుంటే, దాన్నీ అంటించి పీకింది.

"నేనూ వస్తానే," అంది, సంహిత తాళాలు తీసుకుంటుంటే.

"ల్యాబ్‌కా? బోర్ కొడుతుందమ్మా."

"ఒక్కదాన్నే ఉంటే ఆ పొగ అలారం మోగుతుందేమోనని భయం."

అసలు భయం వేరు. నేరం బయటపడితే తన నెత్తిన వేసుకోవడానికి దగ్గరుండాలి.

సంహిత మేనేజరు శేషగిరి మాటను పొదుపుగా వాడే మనిషి. నమస్కారానికి తల ఊపి, జ్ఞానప్రసూనకి కుర్చీ చూపించాడు. షీటును ఉక్కు గొట్టంలో అమరుస్తూ సంహిత, "షైన్ తగ్గిందేంటి?" అంది.

"ఈ మిషిగన్ చలికి నా మొహమూ అలాగే అయింది," అంది తల్లి చప్పున.

గొట్టంలోని గాలంతా లాగేసరికి మధ్యాహ్నమైంది. షీటుకి ఎదురుగా, ఎలక్ట్రాన్లు తగిలినచోట ఆకుపచ్చగా వెలిగే గాజు తెర ఉంది. ఇదివరకటి షీట్లకి వోల్టేజి ఎంత పెంచినా, తెర మీద ఎక్కడో నాలుగు చుక్కలు మిణుకుమనేవి. ఇవాళ శేషగిరి మీటను సగం కూడా తిప్పలేదు. తెరంతా వెలిగిపోయింది. వరసలు వరసలుగా గుండ్రటి ఆకుపచ్చ బిళ్ళలు. ఒక మూల మెలికలు తిరిగిన పాము.

శేషగిరి వోల్టేజి తగ్గించి చూశాడు. పాము ఆరలేదు.

"ఏం ట్రీట్‌మెంట్ చేశావ్ సంహితా?"

"నేనేం చేయలేదండీ." సంహిత తెరకి మొహం ఆనించినంత దగ్గరగా వెళ్ళి, నెమ్మదిగా వెనక్కి తిరిగింది. "అమ్మా. ఈ పామును బాబాయి పెళ్ళిలో నీ నుదుటి మీద చూశాను."

జ్ఞానప్రసూన లేచి నిలబడింది. "నేనే అన్నయ్యగారూ. దిష్టి తగలకూడదని స్టిక్కర్ బొట్టు పెట్టాను. మచ్చ పడిందని అంతటా పెట్టి పీకాను. పిల్లకేం తెలీదు. పంపిస్తే నన్ను పంపించేయండి, దాని ఉద్యోగం జోలికి పోకండి."

శేషగిరి షీటు బయటికి తీసి మైక్రోస్కోపు కింద పెట్టాడు. స్క్రీన్ మీద బొమ్మ చూస్తూనే సంహిత నవ్వడం మొదలుపెట్టింది. "పడుకుని ఉన్న గొట్టాలన్నీ జిగురుతో పీకేసరికి లేచి నిలబడ్డాయమ్మా. ఎలక్ట్రాన్లు వచ్చేది ఆ కొనల్లోంచే. ఏడాదిగా యాసిడ్లనీ లేజర్లనీ తిప్పలు పడుతున్నాం, నువ్వేమో ఇడ్లీ ఉడికేలోపు చేసేశావ్."

అమ్మకి నవ్వు రాలేదు. తీర్పు చెప్పాల్సిన మనిషి ఇంకా మైక్రోస్కోపు మీదే వంగి ఉన్నాడు.

"నా ఇండియా టికెట్ వచ్చే నెలకుంది అన్నయ్యగారూ. ముందే వెళ్ళిపొమ్మన్నా వెళ్ళిపోతాను. పిల్లని మాత్రం ఉండనిస్తారా?"

శేషగిరి షీటును ఇటు జరిపాడు, అటు జరిపాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ వంగాడు. జ్ఞానప్రసూన ఆ కాసేపట్లో మనసులోనే కూతురి సామాను కూడా సర్దేసింది.

చివరికి ఆయన తలెత్తాడు.

"టికెట్ క్యాన్సిల్ చేయించండి చెల్లెమ్మా. లోపల ఇంకా చాలా షీట్లున్నాయి."