బంటయ్య అడిగిన న్యాయం

ఒక పెద్ద అడవిలో ఒకప్పుడు రాజుండేవాడు, ఇప్పుడు లేడు. సింహాన్ని ఏరు దాటించి తరిమేశారు. ఆ రోజు అందరికంటే గట్టిగా ఉపన్యాసం దంచింది బంటయ్య అనే ఎలుగుబంటి. "రాజు వద్దు, చట్టం వద్దు, అసలు నాది నీది అనే మాటే వద్దు!" అని అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. తరమడానికి మాత్రం వెళ్ళలేదు. గొంతు బాగాలేదు కదా పాపం!

మరి తగాదాలొస్తే ఎలా? దానికో పద్ధతి పెట్టుకున్నారు. అందరూ ఉప్పు నాకడానికొచ్చే చవుడు నేల దగ్గర కూర్చోవాలి. అందరూ మాట్లాడాలి, అందరూ ఒప్పుకోవాలి, తప్పు చేసినవాడితో సహా. అంతవరకూ ఎవరూ ఉప్పు ముట్టకూడదు. నాలుక పీకుతుంటే ఎంతటి మొండివాడైనా మెత్తబడేవాడు. ఆలస్యమయ్యేదిగానీ తగాదాలు తీరిపోయేవి.

ఇలా హాయిగా సాగుతుండగా బంటయ్య తేనెపట్టు పోయింది. మద్దిచెట్టు మీద పట్టు. ఎండలు మొదలైనప్పటినుంచీ దాని కిందే పడుకుని, ఇవాళా రేపా అని చూస్తున్నాడు. తీరా చూస్తే తిమ్మక్క అనే కోతి ఎత్తుకుపోయింది.

బంటయ్య ఊగిపోతూ చవుడు నేల దగ్గరికొచ్చాడు. "దొంగతనం! పట్టపగలు దొంగతనం!"

"అదేంటి బావా," అన్నాడు చెవులప్ప అనే కుందేలు, "నాది అనే మాటే వద్దన్నావుగా నువ్వు?"

"అది సిద్ధాంతమయ్యా. ఇది తేనె!"

అన్నాక తనకే సిగ్గేసింది. కానీ అన్నమాట వెనక్కి తీసుకుంటే ఇంకా సిగ్గు.

తిమ్మక్క చంకలో పిల్లతో ముందుకొచ్చింది. "పిల్లకి ఒకటే దగ్గన్నా. అడక్కుండా తీశాను, తప్పే. సగం మిగిలింది, తీసుకెళ్ళు. ఇంకో పట్టు ఎక్కడుందో కూడా చూపిస్తా."

అందరూ తలూపారు. బంటయ్య ఊపలేదు. బేరం బాగానే ఉందని అతని కడుపుకి తెలుసు. కానీ తిమ్మక్క నాలుగు తిట్లు తినాలి, పదిమందీ చూడాలి. అది లేకపోతే ఇదేం న్యాయం? దాంతో కథ మళ్ళీ మొదటికొచ్చింది. పొద్దు గుంకింది, మళ్ళీ పొడిచింది. ఉప్పు లేక లేళ్ళు ఎక్కడివక్కడ చతికిలబడ్డాయి.

అప్పుడొచ్చాడు గవర్రాజు అనే నక్క. సింహం దర్బారులో వకీలు. ఇప్పుడు పనీపాటా లేదు, అయినా నల్లకోటు మాత్రం రోజూ దులిపి ఆరేసుకుంటాడు.

"తమరి బాధ చూడలేకపోతున్నానండీ," అన్నాడు బంటయ్య చెవిలో. "అందరూ ఒప్పుకునేదెప్పుడు, ఇది తేలేదెప్పుడు? ఒక్కరు చెబితే సరిపోయె."

"ఛీ ఛీ! న్యాయమూర్తా? ప్రాణం పోయినా ఒప్పుకోను."

"న్యాయమూర్తని ఎవరన్నారండీ? సలహాదారు. ఆయనిచ్చేది సలహా. తప్పు చేసినవాళ్ళకి విశ్రాంతి గుహ. అందులోకి నడిపించడానికి రేచుకుక్కలున్నాయి, అదీ స్వచ్ఛందంగా."

బంటయ్య తల గోక్కున్నాడు. పేర్లన్నీ బాగున్నాయి. స్వేచ్ఛకొచ్చిన నష్టమేమీ కనిపించలేదు. లేచి మళ్ళీ ఉపన్యాసం దంచాడు. ఉప్పు దొరికితే చాలనుకున్న వాళ్ళందరూ ఊఁ కొట్టేశారు.

గవర్రాజు కోటు తొడుక్కుని బండ మీద కూర్చుని చిటికెలో సలహా చెప్పేశాడు. తిమ్మక్కకి వానలు వెలిసేదాకా విశ్రాంతి గుహ. మిగిలిన తేనె సాక్ష్యం కింద స్వాధీనం. రేచుకుక్కలు తల్లినీ పిల్లనీ లోపలికి నెట్టి, గుహకి బండరాయి అడ్డం దొర్లించాయి.

లోపల్నుంచి పిల్ల దగ్గు వినిపించింది. బంటయ్య గవర్రాజు దగ్గరికి పరిగెత్తాడు. తడి గుహ, పసిది. తను కోరింది ఇది కాదు.

"గవర్రాజూ, ఇంతొద్దయ్యా. నా ఫిర్యాదు నేను వెనక్కి తీసుకుంటున్నా."

"ఫిర్యాదు తమరిదే. సలహా నాది," అన్నాడు గవర్రాజు మూతి తుడుచుకుంటూ. మూతికి సాక్ష్యం అంటుకుని ఉంది.

"నా తేనె తాగేశావు! ఇది అన్యాయం!"

"సలహాని ధిక్కరిస్తున్నారు. ఈయనకీ కాస్త విశ్రాంతి ఇప్పించండి."

"ఆగండాగండి! నాకు వకీలు కావాలి!" అని గావుకేక పెట్టాడు బంటయ్య, పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ వకీళ్ళని తిట్టిన బంటయ్య.

"ఉన్న వకీలుని నేనొక్కణ్ణే. ఖాళీ లేదు."

రేచుకుక్కలు బంటయ్యనీ అదే గుహలోకి నెట్టాయి. తిమ్మక్క పక్కకి జరిగి చోటిచ్చింది. తిట్టినా బాగుండుననిపించింది బంటయ్యకి. పిల్ల వణుకుతుంటే తీసుకుని తన బొచ్చులో పొదువుకున్నాడు.

"నా బుద్ధి గడ్డి తిన్నది తల్లీ," అన్నాడు.

"సగం ఇస్తానన్నా కదన్నా," అంది తిమ్మక్క. అంతే అంది. పిల్ల మెల్లగా నిద్రలోకి జారుకుంది.

తెల్లారేసరికి గుహ ముందు అడవంతా పోగైంది. ఆ దగ్గు విని రాత్రంతా ఎవరికీ కునుకు పట్టలేదు. వచ్చారుగానీ ఏం చెయ్యాలో తెలీక ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ నిలబడ్డారు. నలుగురు కనిపిస్తే బంటయ్య నోరు ఊరుకుంటుందా? రాతి సందులోంచి మొదలెట్టాడు. "మిత్రులారా! అధికారం అనేది..."

పిల్ల ఉలిక్కిపడి లేచి, దగ్గుతూ ఏడుపు లంకించుకుంది.

"ఆపవయ్యా నీ గోల! నిద్రపోతున్న పసిదాన్ని లేపావు కదయ్యా!" అని ఏనుగమ్మ కసురుకుంది. పిల్లని అందుకుందామని బండరాయిని ఒక్క తోపు తోసింది.

"ఇది పద్ధతి కాదు!" అని లేచాడు గవర్రాజు.

"ఏది?" అంటూ ఏనుగమ్మ అతనివైపు తిరిగింది.

రేచుకుక్కలకి స్వచ్ఛందంగా వేరే పని గుర్తొచ్చింది. గవర్రాజు కోటు పైకెత్తి పట్టుకుని ఏరు దాటేశాడు.

తిమ్మక్క పిల్ల వానలకి ముందే కోలుకుంది. బంటయ్య మాత్రం ఇప్పటికీ ఎవరు దొరికినా, ఆ బండరాయి కదిలింది తన ఉపన్యాసం వల్లేనని చెబుతుంటాడు. వినేవాళ్ళు కాదనరు. కాదంటే ఇంకోసారి ఇస్తాడని భయం.

నీతి: అడవిలో స్వేచ్ఛ నిలవాలంటే, దాని గురించి ఉపన్యాసాలిచ్చేవాడి తేనె మాత్రం ఎవరూ ముట్టకండి.