లైసెన్సు లేని లైబ్రరీ

"బావా, నా కంటికి చిక్కని నేరస్థుడు ఈ భూప్రపంచంలో ఇంకా పుట్టలేదు. ఒకవేళ పుట్టినా, ఎందుకు పుట్టానురా దేవుడా అని వెక్కివెక్కి ఏడుస్తాడు!"

ఈ ప్రకటన జరిగింది మా ఆఫీసులో, నా కుర్చీ వెనకాల, మధ్యాహ్నం రెండింటికి. చేసినవాడు మా ఆవిడ తమ్ముడు. ఉద్యోగం టెస్టర్. అంటే మేం రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టాలి. మా ఆవిడ పోరు పడలేక నేనే వేయించాను. తప్పులు తప్ప మిగతావన్నీ పడతాడు. జేబులో ఎప్పుడూ ఓ భూతద్దం పెట్టుకు తిరుగుతాడని ఆఫీసంతా వాణ్ణి భూతద్దం అనే పిలుస్తారు. వాడది బిరుదనుకుంటాడు.

నా ప్రాణం మీదికొచ్చిన సంగతి ఇదీ. మేం ఓ బస్సుల కంపెనీకి టికెట్ల సాఫ్ట్‌వేర్ రాస్తున్నాం. వాళ్ళు వారానికోసారి రేట్లు మారుస్తారు. ప్రతిసారీ మమ్మల్ని బతిమాలకుండా, వాళ్ళే నాలుగు లైన్లు రాసుకుంటే రేట్లు మారిపోయే ఏర్పాటు కావాలన్నారు. అందుకు పనికొచ్చే స్క్రిప్టింగ్ లైబ్రరీ, అంటే మన ప్రోగ్రాములో తగిలించుకునే రెడీమేడ్ ప్రోగ్రాము, ఒకటి ఇంటర్నెట్‌లో దొరికింది. ఓపెన్ సోర్స్. ఎవరో పుణ్యాత్ముడు రాసి అందరికీ పెట్టేశాడు. నేను ఎగిరి గంతేసి, ఆరు వారాల పాటు పని మొత్తం దాని మీదే నిలబెట్టాను. లైసెన్సు ఉందో లేదో చూడటం మర్చిపోయాను. "దీన్ని ఎవరైనా వాడుకోవచ్చు" అని రాసి పెట్టే ఆ ఒక్క ఫైలూ అందులో లేదు.

ఆ పొద్దున మా మేనేజరు మేడం తేల్చి చెప్పేసింది. "సాయంత్రం ఐదింటికల్లా లైసెన్సు చూపించండి. లేదంటే ఆ లైబ్రరీ పీకేయండి, ప్రాజెక్టు పక్క టీముకి ఇచ్చేస్తాను."

నేను టీం లీడరునయ్యాక చేస్తున్న మొట్టమొదటి ప్రాజెక్టు అది.

"రాసినవాడికి మెయిల్ కొట్టావా?" అన్నాడు భూతద్దం.

"నాలుగు కొట్టాను. ఒక్కదానికే జవాబొచ్చింది. చూడు."

స్క్రీన్ మీద ఒక్కటే లైను: 'పైదా, కిందిదా? ఎన్నాళ్ళ నుంచి?'

మా వాడు జేబులోంచి అద్దం తీసి ఆ లైను మీద పెట్టాడు. "రహస్య భాష! పైదా అంటే పై ముఠా. కిందిదా అంటే కింది ముఠా. ఎన్నాళ్ళ నుంచి మా వెంట పడుతున్నావని బెదిరిస్తున్నాడు బావా!"

"ఒరేయ్, నేనడిగింది లైసెన్సురా."

"లైసెన్సు లేకుండా పెట్టుకున్నది తుపాకీ అయినా ఒకటే, లైబ్రరీ అయినా ఒకటే. ముందు నువ్వు లే."

నన్ను కుర్చీలోంచి లేపేసి, వాడు కూర్చుని ఆ లైబ్రరీ చరిత్ర తెరిచాడు. రాసినవాడు ఏ మార్పు ఏ రోజు, ఎన్ని గంటలకు చేశాడో అందులో ఉంటుంది. దాదాపు ప్రతి మార్పు కిందా అదే మాట: 'పది నిమిషాల్లో ఇంతే అయింది. మిగతాది మళ్ళీ చేతులు కడుక్కున్నాక.'

"చూశావా! చేతులెందుకు కడుక్కుంటాడు? రక్తం!"

"అన్నం తిని కడుక్కుంటాడేమోరా."

"రోజుకి పదకొండుసార్లు తింటాడా?"

స్క్రీన్ మీద లెక్కపెట్టాను. వెధవ, నిజంగానే పదకొండు.

"పది నిమిషాలకో శవం. రోజుకి పదకొండు. ఆదివారం సెలవు." భూతద్దం గొంతు తగ్గించాడు. "పద్ధతైన హంతకుడు బావా. సరే, ముందు సరుకు అసలుదో నకిలీదో తేల్చాలి. ఎక్కడుంది?"

లైబ్రరీ కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో ఉంది. ఇచ్చాను. బుద్ధి తక్కువై ఇచ్చాను.

"బంగారాన్ని ఎలా పరీక్షిస్తారో తెలుసుగా?" అంటూ దాన్ని నోట్లో పెట్టుకుని కసుక్కున కొరికాడు.

ఠక్కున చప్పుడయింది. పెన్‌డ్రైవ్‌కి గీత కూడా పడలేదు. మా వాడి వెనక పన్ను సగం మాత్రం అరచేతిలోకి వచ్చేసింది.

"అమ్మోయ్! బావా, అక్కకి చెప్పకు!"

రెండు వీధుల అవతల పళ్ళ డాక్టరున్నాడు. ఓ చంకలో వీణ్ణి, ఇంకో చంకలో లాప్‌టాప్‌ని పెట్టుకుని పరిగెత్తాను. ఎలాగూ లైసెన్సు రాదు, కూర్చున్నంతసేపూ ఆ లైబ్రరీ పీకేసే పనైనా చేద్దామని.

మా వంతు వచ్చేసరికి నాలుగు దాటింది. డాక్టరు సన్నగా, నెమ్మదిగా ఉన్నాడు. భూతద్దం పంటి చిగురుకి ఇంజెక్షన్ ఇచ్చి, "కాసేపాగాలి, మత్తెక్కనివ్వండి" అని మూల బల్ల మీదున్న కంప్యూటర్ ముందు కూర్చుని టకటకా ఏదో కొట్టుకుంటున్నాడు. నేను పక్కనే స్టూలు మీద కూర్చుని ఆరు వారాల కష్టాన్ని లైను తర్వాత లైను చెరిపేస్తున్నాను. నిజం చెప్పొద్దూ, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆగండాగండి! దాన్నెందుకు కొట్టేస్తున్నారు?" డాక్టరు నా భుజం మీంచి తొంగి చూస్తున్నాడు. "ఎంత కష్టపడి రాశాననుకున్నారు!"

"మీరా... రాసింది మీరా?"

"మరి? మత్తెక్కే పది నిమిషాలూ నాకు వేరే పనేముంటుందండీ? పేషెంటుకో ముక్క చొప్పున, ఐదేళ్ళుగా రాస్తున్నాను."

"నాలుగు మెయిళ్ళు పెట్టానండీ బాబూ!"

"అయ్యయ్యో, మెయిళ్ళు మా కౌంటర్లో అమ్మాయి చూస్తుంది. ఎవరేం రాసినా పన్ను గురించే అడుగుతుంది." డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఏమండీ, మీరు నిజంగా దీన్ని వాడుతున్నారా? వాడే మనిషిని చూడటం నాకిదే మొదటిసారి."

లైసెన్సు సంగతి చెప్పాను.

"ఓస్, అంతేనా!" అంటూ కూర్చుని, ఎవరైనా ఎందుకైనా వాడుకోవచ్చని రాసిన ఫైలు పెట్టేశాడు. గోడ గడియారంలో నాలుగూ నలభై. నాకు ఆయన్ని ఎత్తుకుని తిరగాలనిపించింది.

కుర్చీలోంచి భూతద్దం చెయ్యెత్తాడు. మూతి సగం మొద్దుబారిపోయింది. "ఆకు ఎఉఓ ఎలుఉ!"

నాకు ఎప్పుడో తెలుసు అంటున్నాడని గ్రహించి, నోరు మూసుకోమన్నాను.

మేడంకి ఫోన్ చేశాను. "సరే, లైసెన్సు వచ్చింది" అంది. "కానీ ఆ లైబ్రరీలో మూడు లోపాలున్నాయని పోయిన వారం రిపోర్టులో మీరే రాశారుగా. అవి సరిచేసి రేపు పొద్దున చూపిస్తేనే ప్రాజెక్టు మీకుంటుంది."

అదే డాక్టరుకి చెప్పాను. ఆయన నొచ్చుకున్నాడు. "ఒక్కోదానికి పది నిమిషాలు పడుతుందంతేనండీ. కానీ చేతిలో పేషెంటు లేకపోతే నాకు అక్షరం ముక్క తోచదు. ఇవాళ్టికి ఇతనే ఆఖరు."

నేను మా బావమరిది వైపు చూశాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో వాణ్ణి అంత ప్రేమగా చూడటం అదే మొదలు.

"డాక్టరుగారూ, వీడి జ్ఞానదంతాలు కూడా ఏమంత బాగాలేవండీ. మూడున్నాయి. ఒక్కోదానికి విడివిడిగా మత్తివ్వండి."