ఆదివారం ఐదింటికి, మా ఇంట్లోనే

సోమవారం పొద్దున్నే సంబాత్ ఒకే చొక్కాని రెండుసార్లు ఇస్త్రీ చేసుకున్నాడు. డోనట్ల కొట్టు వెనకగదిలో మూడేళ్ళుగా పిండి పిసుకుతున్న మనిషికి ఇస్త్రీ చొక్కాతో ఏం పని అంటే, ఆ రోజునుంచి వారంపాటు అతను కౌంటర్లో నిలబడబోతున్నాడు. కొట్టు యజమానురాలు అతని సొంత అక్క సరూన్. ఆమె మోకాలికి ఆపరేషన్. ఆదివారం సాయంత్రం ఆమె తమ్ముడింటికి భోజనానికి వచ్చి, కౌంటరు అతనికే ఉంచాలో, మళ్ళీ పిండిలోకి పంపాలో తేల్చి చెబుతానంది.

కంబోడియాలో, బత్తంబాంగ్‌లో, సంబాత్ ఇరవై ఏళ్ళు లెక్కల మాస్టారు. నల్లబల్ల ముందు నిలబడితే అరవైమంది పిల్లలు నోళ్ళు తెరుచుకుని వినేవారు. కాలిఫోర్నియాకి వచ్చాక అతని మాట వినేది పిండిముద్ద ఒక్కటే. ఆ కసితోనే ఇంగ్లీషు మీద పడ్డాడు. ఎవరి నోట కొత్త ముక్క విన్నా నోటుబుక్కులో ఎక్కించేవాడు. ఏ సందర్భంలో అనాలి, ఎవరితో అనాలి, అన్నాక మొహం ఎలా పెట్టాలి అన్నవీ పక్కన రాసుకునేవాడు. ఇప్పటికి మూడువందల పన్నెండు ముక్కలయ్యాయి. అన్నీ కంఠతా వచ్చు. వాడటానికి మనుషులే దొరకలేదు.

ఆస్పత్రికి బయల్దేరుతూ అక్క చివరి పాఠం చెప్పింది.

"ఒట్టి డోనట్లు అమ్మితే చాలదురా. వాటితోపాటు నాలుగు తియ్యటి మాటలు కూడా కట్టివ్వాలి. 'ఎప్పుడైనా మా ఇంటికి భోజనానికి రండి' అను. పొంగిపోతారు."

"నిజంగా వచ్చేస్తేనో?"

"వస్తే నా పేరు మార్చుకుంటా. అది ఇక్కడి మర్యాదరా, అంతే. పద్దెనిమిదేళ్ళలో నన్ను అలా పిలిచినవాళ్ళు వెయ్యిమంది ఉంటారు. నేను ఒక్కరింటి గడపా తొక్కలేదు, ఒక్కరూ నా గడప తొక్కలేదు."

సంబాత్‌కి ఈ మర్యాద కొంచెం వెలితిగా తోచింది. వాళ్ళ ఊళ్ళో పిలుపంటే రెండు చేతులతో అందించేది. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవరింట్లో అన్నది చెప్పకుండా పిలిస్తే ఎదుటివాళ్ళు నొచ్చుకుంటారు. ఎటూ వచ్చేవాళ్ళు లేరు కదా, పిలిచేదేదో నిండుగా పిలుద్దాం అనుకున్నాడు.

మొదట దొరికింది వాల్టర్. రిటైరైన బస్సు డ్రైవరు. రోజూ ఒక్క డోనట్ కొని, దాని ముందు రెండు గంటలు కూర్చునే ముసలాయన.

"మీరు మా ఇంటికి భోజనానికి రావాలి," అన్నాడు సంబాత్. "ఈ ఆదివారం, ఐదింటికి." గులాబీరంగు డోనట్ పెట్టె మూత చింపి, దాని మీద ఇంటి చిరునామా ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, వంగి రెండు చేతులా అందించాడు.

వాల్టర్ ఆ అట్టముక్క వంక చాలాసేపు చూశాడు. "ఆదివారమా? ఈ ఆదివారమేనా?"

"ఈ ఆదివారమే!"

"నన్నేం తెమ్మంటావ్?"

దీనికి జవాబు నూట నలభయ్యో ముక్క. "మీరొస్తే చాలు, ఇంకేమీ అక్కర్లేదు!"

"మా చెల్లెలు కూడా నాతోనే ఉంటుందయ్యా..."

రెండువందల ఆరు. "ఎంతమంది వస్తే అంత సందడి!"

వాల్టర్ మొహం వెలిగిపోయింది. సంబాత్‌కైతే కాళ్ళు నేలమీద లేవు. మూడేళ్ళ చదువు ఒక్కసారిగా పండింది! తడబాటు లేదు, వెతుకులాట లేదు, మాటకు మాట తన్నుకుంటూ వచ్చేసింది. ఆ ఊపులో నర్సు డోరీన్‌ని పిలిచాడు. ఉత్తరాలు తెచ్చే మనిషిని పిలిచాడు. ఎదురుగా ఉన్న క్షౌరశాలలో కత్తెర పట్టుకున్నవాళ్ళనీ, కత్తెర కింద కూర్చున్నవాళ్ళనీ పిలిచాడు. "మీకు శ్రమేమో" అన్నవాళ్ళకి "శ్రమేముంది!" అన్నాడు. "నిజంగానా?" అన్నవాళ్ళకి "అనుమానమా!" అన్నాడు. శుక్రవారానికి మూతల్లేని గులాబీ పెట్టెలు గుట్ట పడ్డాయి.

శనివారం పొద్దున డోరీన్ కాఫీ తీసుకుంటూ అడిగింది. "రేపు కారు మీ సందులో పెట్టుకోవచ్చా, రోడ్డు మీదే ఉంచాలా?"

సంబాత్ చేతిలో పటకారు ఆగిపోయింది. "రేపు... ఎక్కడికి?"

"భలేవాడివే! మీ ఇంటికే. మా వార్డులో మరో నలుగురు కూడా వస్తామన్నారు. ఎంతమందైనా పరవాలేదన్నావుగా?"

మూలనుంచి వాల్టర్ తల ఊపాడు. ఆ తలకి కొత్తగా క్షవరం అయింది. "ముప్పై ఏళ్ళుగా 'ఎప్పుడైనా రా' అన్నవాళ్ళే తప్ప, ఏ రోజో చెప్పినవాడు లేడు. ఇంతకీ టై కట్టుకోవాలా?"

రావద్దని చెప్పే ముక్క కోసం సంబాత్ బుర్రంతా గాలించాడు. మూడువందల పన్నెండూ మనుషుల్ని దగ్గరికి పిలిచేవే. పొమ్మనడం ఒక్కటీ నేర్చుకోలేదు. చివరికి వాళ్ళ ఊళ్ళో కాదనదలుచుకున్నవాళ్ళు చేసే పనే చేశాడు. తన ఇంటిని తనే కించపరుచుకున్నాడు.

"మా ఇల్లు చాలా చిన్నదండీ. రెండే గదులు."

"మేం కుర్చీలు తెస్తాం, బెంగ పడకు," అంది డోరీన్.

"మా వంట మీరు తినలేరు. చేపల వాసన వేస్తుంది."

"అదీ, అలాంటిదే కావాలి!" అన్నాడు వాల్టర్.

ఇంటికెళ్ళి భార్య కొలాబ్‌కి చెప్పాడు. ఆమె బియ్యం డబ్బా మీద కూర్చుండిపోయింది.

"ఎంతమంది మాస్టారూ?"

"పిలిచింది పాతికమందిని. ఎంతమంది వస్తే అంత సందడి అని కూడా అన్నాను."

"ఎన్నిసార్లన్నారు?"

"ప్రతి ఒక్కరితోనూ."

"మీ నోరు పడిపోను! మూడేళ్ళు నోట్లో మాట లేదని ఏడ్చారు. వారం రోజులు వదిలితే ఊరంతటినీ నా నెత్తిన తెచ్చి పోశారు. వదినకేం చెబుతారు? కౌంటరు కాదు కదా, పిండిముద్ద కూడా దక్కదు మీకు!"

అతని భయమూ అదే. అక్కకి హంగామా గిట్టదు. చేతిదాకా వచ్చిన కౌంటరు తన పాండిత్యం వల్లే జారిపోతోందని తలుచుకుంటే అతనికి ఏడుపొచ్చింది. కొలాబ్ కాసేపు తిట్టి, తుండుగుడ్డ నడుముకి చుట్టి, మేడ మీదా కిందా ఉన్న కంబోడియా ఆడవాళ్ళ గిన్నెలన్నీ సాయంత్రానికల్లా పోగుచేసింది.

ఆదివారం నాలుగున్నరకే మెట్ల మీద బూట్ల చప్పుడు మొదలైంది. ఐదింటికి నలభై ఒక్కమంది అయ్యారు. రెండు గదులు నిండి, వరండా నిండి, మెట్లు నిండి, మిగిలినవాళ్ళు కింద కార్లు పెట్టే చోట కుర్చీలు వేసుకున్నారు. వాల్టర్ టై కట్టుకొచ్చాడు. సంబాత్ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, "మా ఇల్లు మీ ఇల్లే అనుకోండి," అంటూ చేయి కలిపాడు. వాళ్ళు నవ్వి, ఎవరితో మాట్లాడాలో తెలియక, గోడల వంక చూస్తూ నిలబడ్డారు. అతను వాతావరణం గురించి ఎత్తుకున్నాడు. రెండు నిమిషాల్లో అదీ అయిపోయింది. నలభై ఒక్కమంది పెళ్ళివారు పెళ్ళికూతురు కోసం కాచుకున్నట్టు నిశ్శబ్దంగా ఉన్నారు.

సరిగ్గా అప్పుడే కర్ర ఊతంతో మెట్లెక్కి సరూన్ వచ్చింది. జనాన్ని చూసి, "ఎవరు పోయారురా?" అంది కంగారుగా.

సంబాత్ నోరు తెరిచేలోగా వంటింట్లోంచి కొలాబ్ వచ్చింది. చేతిలో పులుసు గిన్నె, నుదుటి మీద చెమట. ఆమెకి ఇంగ్లీషులో తెలిసింది ఒక్కటే మాట.

"ఈట్!" అంది వాల్టర్‌తో.

వాల్టర్ మొహమాటంగా చెంచాడు తీసుకున్నాడు. ఆమె ఆ చెంచా లాక్కుని గరిటెతో నిండుగా వడ్డించింది. "ఈట్, ఈట్!" ఊరవేసిన చేపల పులుసు నోట్లో పెట్టుకోగానే ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారాయి. కొలాబ్ పకపకా నవ్వి ఆయన వీపు చరిచింది. ఆయన కళ్ళు తుడుచుకుని మళ్ళీ పళ్ళెం చాపాడు. అంతే, అందరూ ఒక్కసారి గొల్లుమన్నారు. డోరీన్ వంటింట్లోకి దూరి అరిటాకుల్లో అన్నం పొట్లాలు చుట్టడం మొదలెట్టింది. వాల్టర్ చెల్లెలు కొలాబ్ చేయి పట్టుకుని తన మనవల ఫొటోలన్నీ చూపించింది. కొలాబ్ ఒక్కో ఫొటోకీ కంబోడియా భాషలో ముచ్చటపడింది, ఆవిడ ఇంగ్లీషులో మురిసిపోయింది. ఇద్దరికీ ఏ లోటూ కనిపించలేదు.

సంబాత్ గుమ్మంలో నిలబడి ఇంకో పదిహేను ముక్కలు ప్రయోగించాడు. ఎవరూ వినిపించుకోలేదు. కాసేపు చిన్నబుచ్చుకున్నాడు. తర్వాత భార్య వంక చూస్తూ, ఇంత గలగలా నవ్వగలదని ఈ దేశం వచ్చాక మరిచేపోయానే అనుకున్నాడు.

అందరూ వెళ్ళాక సరూన్ మెట్టు మీద కాలు చాపుకుని కూర్చుంది. కళ్ళు చెమర్చి ఉన్నాయి.

"పద్దెనిమిదేళ్ళు అమ్మానురా వీళ్ళకి. వాల్టర్‌కి చెల్లెలుందని ఈ రోజే తెలిసింది."

"అయితే అక్కా, కౌంటరు..."

"ఇస్తున్నాను."

సంబాత్ చొక్కా సర్దుకున్నాడు.

"కొలాబ్‌కి," అంది సరూన్. "వీళ్ళని గుమ్మందాకా తేవడానికి నీకు మూడొందల ముక్కలు పట్టాయి. కూర్చోబెట్టడానికి దానికి ఒక్కటి సరిపోయింది. అమ్మాయ్, రేపు పొద్దున్నే కొట్టు తెరవాలి. వెళ్ళి పడుకో."

కొలాబ్ తుండుగుడ్డతో చేతులు తుడుచుకుని వెళ్ళి పడుకుంది. ఇంగ్లీషు రాని మనిషికి కౌంటరు దక్కింది, వచ్చిన మనిషికి నలభై ఒక్కమంది అంట్లు దక్కాయి.